తెల్ల బండి, పచ్చ బండి

నిమ్మతోట గేటు ముందు తెల్ల వ్యాను ఆగి ఉంది. రైతులు వాడేసిన పురుగుమందు డబ్బాలను పొలాల వెంట తిరిగి పోగుచేసే నడివయసు మనిషి, మోటారు షెడ్డు నీడలో గోనెసంచీ విప్పుతున్నాడు. అందరూ ఆయన్ని డబ్బాలాయన అంటారు. ఎదురుగా తోట చూసుకునే ఆవిడ, ఆయన పిలుపులో తోటమ్మగారు, నిలబడి ఉంది.

"అది కాదు తోటమ్మగారూ, కడిగారా లేదా?"

"కడిగే ఉన్నాయి."

"ఉన్నాయా, మీరు కడిగారా?"

"ఎవరు కడిగితే ఏం డబ్బాలాయనగారూ, శుభ్రంగా ఉన్నాయిగా!"

"కోప్పడకండి. మూడుసార్లు కడగండి, ఆ నీళ్ళు కాలవలో పొయ్యకండి, మందు ట్యాంకులోనే పొయ్యండి, అడుగున చిల్లు పెట్టండి... రోజంతా మైకులో ఇదే పాట. నిద్రలో కూడా ఇదే అంటున్నానట. మా అక్క చెప్పింది."

"అక్కా? మరి మీ ఆవిడ..."

"పోయి చాలా కాలమైంది. అక్క దగ్గరే ఉంటున్నాను. ఉండటమంటే, వాకిట్లో నిలబెట్టి నెత్తిన రెండు బిందెలు గుమ్మరించాకే లోపలికి రానిస్తుంది. మా వీధి కుక్క కూడా నన్ను దూరం నుంచే పలకరిస్తుంది."

"మీరే నయం. మా ఆయన పోయాక నేను నిమ్మచెట్లతో మాట్లాడుతున్నాను. మొన్న ఒక చెట్టు మీద అలిగాను కూడా."

"ఎందుకండీ?"

"పూతంతా రాల్చేసింది. వారం పాటు పలకరించలేదు. చివరికి నేనే తగ్గాను. ఇంతకీ వీటిని ఏం చేస్తారు?"

"ముక్కలు చేసి, కడిగి, కరిగిస్తారు. కరెంటు తీగలు పోయే గొట్టాలవుతాయి. మంచినీళ్ళ గొట్టాలకి మాత్రం వాడరు."

"పోన్లెండి, వాటికి మళ్ళీ ఒక పని దొరుకుతోంది."

"నాకే ఎక్కడా దొరకలేదు, అందుకే వాటి వెంట పడ్డాను... ఆగండాగండి. ఇదేంటి?"

"ఏది?"

"ఈ డబ్బా. ఇది వరిలో కలుపుకి కొట్టే మందు."

"అయితే?"

"మీది నిమ్మతోట."

"గట్టు మీద వేశాను."

"గట్టు మీద వరా?"

"కొంచెం. రెండు మొక్కలు."

"రెండు మొక్కలకి లీటరు మందా?"

"కలుపు బాగా ఉంది."

"ఇదేమో పత్తి పురుగుది."

"దిండ్లలోకని నాలుగు పత్తి మొక్కలు పెట్టాను. ఏం, పెట్టకూడదా?"

"పెట్టుకోవచ్చు. అసలు మీ నిమ్మచెట్లకి ఏ మందు కొడుతున్నారు?"

"మందా? మానేసి రెండేళ్ళ... అబ్బ, ఏం ఎండ! మంచినీళ్ళు తాగుతారా?"

"రెండేళ్ళ నుంచి మానేశారా?"

"మీరు మాట తిప్పకండి."

"నేనా తిప్పుతోంది?"

"వదినా! ఓ వదినా!"

"అయ్యో, మా మరిది. కంచె దగ్గరికొచ్చేశాడు. ఆ సంచీ బండిలో పెట్టెయ్యండి, తొందరగా!"

"ఎందుకూ?"

"ముందు పెట్టండి, చెప్తాను!"

"వదినా, మా షెడ్డులో డబ్బాల సంచీ నువ్వుగానీ తీశావా? నిన్ననే కడిగి ఆరబెట్టాను."

"నేనెందుకు తీస్తాను?"

"పోయినసారీ పోయింది. అంతకుముందూ పోయింది. ట్రాక్టరు బ్యాటరీ వదిలేసి విషం డబ్బాలు ఎత్తుకెళ్ళే దొంగ ఎవడు వదినా? అదిగో! ఆయన చేతిలో ఉన్నది మా సంచీయే!"

"సరే, తీశాను! బండి వచ్చిందని ఇచ్చేశాను. నీకు పని తప్పిందిగా."

"తోటమ్మగారూ, ఇన్నాళ్ళూ ఇవన్నీ ఈయనవా? ఎందుకు మోసుకొచ్చారు?"

"సంచీ లేకుండా నిలబడితే మీరు చెయ్యూపి వెళ్ళిపోతారుగా. తొడుగులు వేసుకునే మోశాను లెండి, మీరిచ్చినవే. నవ్వండి. ఇంత వయసొచ్చి, పది మాటల కోసం సొంత మరిది షెడ్డుకి కన్నం వేశాను."

"నేను నవ్వట్లేదండీ."

"అయితే తల ఎందుకు దించుకున్నారు?"

"వదినా, నాకొకటి అర్థం కావట్లేదు. మన ఊరికొచ్చేది పచ్చ బండి. అది వచ్చేది రేపు. ఈ తెల్ల బండి మనవైపు రావడం మానేసి ఏడాది కావస్తోందిగా!"

"మానేసిందా? ఏవండీ, ఏమంటున్నాడు మా మరిది?"

"నిజమే. నన్ను కాలవ అవతలి ఊళ్ళకి మార్చారు. ఇటు రావడం నా పని కాదు."

"మరి నేనిచ్చిన సంచీలన్నీ?"

"డబ్బాలు దింపే గోదాములో ఆ పచ్చ బండి డ్రైవరుకే ఇస్తున్నాను. నేను సంచీతో కనబడగానే 'పెళ్ళికొడుకొచ్చాడో' అని వాడు కేకేస్తాడు. పనివాళ్ళంతా మిషన్లు ఆపి మరీ బయటికొస్తారు."

"పెళ్ళికొడుకా!"

"మీరైనా నవ్వండి, పర్లేదు."

"మరిదీ!"

"ఏంటి వదినా?"

"నీ సంచీ నువ్వు పట్టుకుపో, రేపు పచ్చ బండికే ఇచ్చుకో. ఈయన ఇకనుంచి ఊరికే వస్తారు."