కింద ఉండేటివి బండ్లే గద

తల సూస్కో అన్నా. అగో, తాకనే తాకింది. ఆ లైటు బీముకు కట్టిన. అంతకంటె మీదికి కడ్దామంటే మీద జాగ లేదు. రుద్దకు, వాస్తది. వచ్చినోళ్లందరికి తాకుతది, నువ్వేమన్న పరాయోనివా, నీకూ తాకింది.

కూసో. ఆ కుర్చీ కాదు, దానికి గ్రీసున్నది, నీ తెల్లంగి ఖరాబైతది. టూల్ పెట్టె మీద కూసో. చాయ్ పెడ్దామంటే నీ మరదలు రాధమ్మ ఇంట్ల లేదు. పిల్లను, మహితను తీస్కొని సంగారెడ్డి పోయింది, కాలేజి పని. పొద్దుమీకి వస్తది. నీ బండి గేటుకాడనే ఉండనీ, ఏం పోదు. దాని సంగతి సూద్దాం. ముందుగాల నా సంగతి ఇను.

పొద్దుగాల లిఫ్టు కంపెనీకెల్లి అనిల్ అని ఒకాయన వచ్చిపోయిండు. బండ్లను లేపే లిఫ్టు. మీ అపార్టుమెంట్లల్ల మనుషులెక్కేది కాదు. గోడకానిచ్చి టేపు పెట్టిండు. మీదికి సూసిండు, కిందికి సూసిండు, మళ్లొకసారి పెట్టిండు. తన టేపే తప్పుందనుకున్నడు పాపం. "యాదన్నా, ఇది మనుషులకు కట్టినవా, కోళ్లకు కట్టినవా?" అన్నడు.

నవ్విన. ఏమని సెప్పాలె? మా అన్న కోసం కట్టిన అని సెప్పాల్నా?

లేదులే, సెప్పలే. నువ్వు మొకం అట్ల పెట్టకు.

లిఫ్టు ఎందుకంటవా? నీకు తెల్వదు గద, నువ్వు ఫోన్ల "అంత మంచిదేనా" అంటవ్, నేను "మంచిదే" అంట, అయిపోతది. కంపెనీల కాంట్రాక్టు పోయినసంది ఈ షెడ్డే నా బతుకు. ఇన్నేండ్లు అట్టముక్క పర్సుకొని బండి కింద పండే పని చేసిన. ఎండకాలం నేల సల్లగుంటది, సలికాలం నడుము పట్టేస్తది. అలవాటైపోయింది. వానకాలం మొదట్ల జిన్నారం కెల్లి ఒక వ్యాను వచ్చింది, మందుల కంపెనీకి మనుషులను తోలేది. గేర్ బాక్స్ కాడ నూనె కారుతుంది. జాకీ పెట్టి లేపిన, కిందికి పోయిన. నేల తడున్నది, జాకీ జారింది.

స్టెప్నీ కాపాడింది అన్నా. బండి కిందికి పోయే ముందు స్టెప్నీ తీసి చాసిస్ కింద దొబ్బాలె అని నాకు పని నేర్పిన ఉస్తాద్ సెప్పిండు. జాకీని నమ్మకు, టైరును నమ్ము అనేటోడు. బండి వచ్చి దానిమీద కూసున్నది. నా ఛాతికి, ఇనుముకు నడుమ అరచెయ్యి పట్టేంత సందు. గప్పుడే రాధమ్మ అన్నం పట్టుకొని వచ్చింది. దానికి నా కాళ్లే కనబడుతున్నయ్. గిన్నె కింద పడేసి, "కాళ్లు కదుపు, కాళ్లు కదుపు" అని అదే మాట. కదిపిన.

ఆ దినం సెప్పేసింది. లిఫ్టన్న పెట్టు, షెడ్డన్న బంద్ చెయ్యి. ఇగ నువ్వు నేలమీద పండంగ సూసిన్నంటే నేనీ ఇంట్ల ఉండ, పిల్లను తీస్కొని పోత అన్నది. అన్నట్టే నా అట్టలన్ని తీసి పొయ్యిల పెట్టింది. మెకానిక్ ఇంట్ల అట్టలు కాలవెట్టుడంటే ఏందో నీకు ఎర్కనా? నాగలి కాలవెట్టినట్టే.

ఇగ అప్పటిసంది లిఫ్టు ఎతుకుతున్న. మహిత ఫోన్ల సూపిస్తది, నేను సూస్త. అందరు పెట్టేది రెండు స్తంభాలది. చేతులు సాపి బండిని ఎత్తి పట్టుకుంటది, నువ్వు కింద నిలబడి పని చేస్కోవచ్చు, నిలబడి అన్నా, మనిషి లెక్క. దానికి మీద పన్నెండు ఫీట్లుండాలె. మనకెంతున్నది? నువ్వు కూసున్నకాడికెల్లి మీదికి సూడు.

కట్టిననాడు తొమ్మిది. బీము కింద ఎనిమిది. ఆనక రోడ్డుమీద రోడ్డేసిండ్రు. వానపడితే నీళ్లన్ని లోపలికే. ఇగ మొరం పోసి నేల ఒక ఫీటు లేపిన. మీదికెల్లి నువ్వు దించినవ్, కిందికెల్లి రోడ్డు లేపింది. నడుమ నేనున్న.

తప్పు మాట్లాడుతున్ననా? నువ్వే సెప్పు. ఈ ఇల్లు కట్టేటప్పటి లెవెల్ పైపు యాదున్నదా? మేస్త్రీ తెచ్చిండు, తెల్లటి సన్న పైపు, దాంట్ల నీళ్లు. ఒక కొన నువ్వు పక్కన మీ ఇంటి గోడమీద పట్టుకున్నవ్, ఇంకో కొన నేను మా పిల్లర్ కాడ పట్టుకున్న. నీళ్లు రెండుదిక్కుల సమానంగ నిలబడంగనే బొగ్గుతోని గీత గీసిండు. ఆ గీత దాటొద్దన్నవ్. అన్న దక్షిణం దిక్కున్నడు, తమ్ముడు ఉత్తరం దిక్కున్నడు, ఉత్తరపు ఇల్లు జానెడు లేసినా పెద్దోనికి కీడు అని పంతులు సెప్పిండన్నవ్.

గప్పుడే నీ గుండెకు స్టెంటేసి పదిహేను దినాలు గూడ కాలే. సొక్కా గుండీలు గూడ వదినెనే పెడుతుండె. నువ్వు గోడ పట్టుకొని నిలబడి సెప్తుంటే నేనేమంట? "నాకు ఎత్తే కావాలె, నీ గుండె ఎట్లన్న పోనీ" అంటనా?

మేస్త్రీ అడిగిండు, మీది అంతస్తు దించుదామా, కిందిది దించుదామా అని. నువ్వేమన్నవ్? "మీద మనుషులుంటరు. కింద ఉండేటివి బండ్లే గద, కిందిదే దించు" అన్నవ్.

అన్నవ్ అన్నా. నాకు యాదున్నది. మేస్త్రీ గూడ నవ్విండు.

ఊకో, నేనేమన్న కొట్లాటకు పిలిచిన్నా నిన్ను? నువ్వే వచ్చినవ్. ఇననీకి వచ్చినవ్ గద, ఇను.

స్తంభాలది కాకపోతే గుంత తవ్వుకో అన్నరు. అది అగ్గువ పని. బండి మీద నిలబెడ్తరు, మనం గుంతల దిగుతం. తవ్వుడు మొదలుపెట్టిన. నువ్వు ఊరికి వచ్చినవ్, సూసినవ్, ఎందుకని అడగకుండనే గుమ్మంల కూలబడ్డవ్. నైరుతి మూల గుంత తవ్వితే ఇంటి పెద్ద బతకడంట. మళ్ల నువ్వే పెద్ద. మళ్ల నీ గుండె. మళ్ల పూడ్చిన. అయినా తవ్వితే ఏమొచ్చేది, మన ఊరి నేలల వానకాలం ఏం నీళ్లూరుతయో నీకెర్కనే, ఆ కంపుల నిలబడి పని చేస్తె కాళ్లు పుండ్లైతయ్. నువ్వు నాకు మంచే చేసినవ్ అనుకున్న.

మన బళ్లె సారు ఒక కత సెప్పేటోడు, ఇన్నవా? నీ క్లాసుల సెప్పలేదేమో. ఒక ఊర్ల ఒక దొర ఉండెనంట. ఊర్ల ఎవ్వని గుమ్మం గూడ తన తలపాగకు మించొద్దు అన్నడంట. దొర జెర పొట్టోడు. ఇగ జనం గుమ్మాలు కోసి దించుకున్నరు. వంగి లోపలికి పోయేటోళ్లు, వంగి బయటికి వచ్చేటోళ్లు. కొన్నాళ్లకు దొర ఊరిడిసి పట్నం పోయిండు. వీళ్లు మాత్రం వంగుడు మానలే. బజార్ల గూడ వంగే నడుస్తున్నరు. ఎవడో బాటసారి అడిగిండంట, ఎవరికి దండం పెడుతున్నరు అని. "గుమ్మానికి" అన్నరంట.

కత అయినంక సారు అడిగేటోడు, తప్పెవరిది? పిల్లలందరు దొరది అన్నరు. నేను లేసి, గుమ్మాలు కోసిన వడ్లాయనది అన్న. అందరు నవ్విండ్రు. సారు నవ్వలే. "వంగినోళ్లది అని ఒక్కడన్న అంటడేమో అనుకున్న" అన్నడు. సుద్దముక్క కింద పెట్టి పోయిండు.

సారు ఉంటే ఇయ్యాల సెప్తుంటి. సారూ, మీరు కత సగమే సెప్పిండ్రు, వంగినోనికి నడుము గూడ పోతది అని.

సరే, నువ్వు పట్నం పోలే. సంగారెడ్డిల విల్లా కొనుక్కున్నవ్, మంచిదే. వదినెకు మోకాళ్ల నొప్పులు, ఆసుపత్రి దగ్గరుండాలె అన్నవ్. బాపు కట్టిన ఇల్లు అమ్మినవ్. నన్నడగలే. అడగాల్సిన పనేమున్నది, నీ వాటా నువ్వు అమ్ముకున్నవ్. కొన్నోడు గోడలు కూలగొట్టి హాస్టల్ కట్టిండు. బయటికి పోయి సూడు. నువ్వు లెవెల్ పైపు పట్టుకున్న గోడ కాడ ఇప్పుడు ఐదంతస్తులున్నయ్. ఒడిశా పిల్లలు, బీహార్ పిల్లలు, షిఫ్టు దిగి వచ్చి బట్టలు ఆరేస్తరు. ఆ నీళ్లు మా మిరపకాయల మీద కారుతయ్. రాధమ్మ లొల్లి పెడితే "సారీ భాభీ" అంటరు. వాళ్లనేమంటం, వాళ్ల ఇల్లెక్కడనో పాపం.

నీ లెక్క ప్రకారం దక్షిణం ఎంత ఎత్తుంటే మాకంత కలిసి రావాలె. ఐదంతస్తులంత కలిసిరావాలె. నేను సూస్తున్న, ఎటు దిక్కుకెల్లి వస్తదో అని.

ఏందీ? ఇప్పుడు లేపుకో అంటవా?

మీద రాధమ్మ వంటిల్లున్నది అన్నా. మీద మేం పండుకుంటం. కింది స్లాబు లేపుడంటే గొడుగు తెరిసినట్టనుకున్నవా? ఇల్లు మొత్తం కూలగొట్టాలె. ముత్తంగి కాడ రోడ్డుమీద షట్టరు కిరాయికి తీస్కో అంటవు ఇగ. అనకు. ఆడ కిరాయి కట్టినోడు కిరాయికే పని చేస్తడు, ఇంటికి ఏం తెస్తడు?

ఇగ మిగిలింది ఒక్కటే. సిజర్ లిఫ్టు. నేలమీద సాపలెక్క పడి ఉంటది, బటన్ ఒత్తితె కత్తెర తెరుసుకున్నట్టు తెరుసుకొని బండిని లేపుతది. పూర్తిగ లేపదు. మన స్లాబుకు తాకకుండ ఎంత లేస్తదో అంతే. సిన్నకారైతే నా నడుము దాక వస్తది. సక్రాల పీట మీద కూసొని పని చేస్కోవచ్చు. బండి నడిమిట్ల లిఫ్టే అడ్డముంటది, గేర్ బాక్స్ దించుడు, సైలెన్సర్ ఊడదీసుడు ఇగ నాతోని కాదు. ఆ పనులు రోడ్డుమీదోళ్లకు పోతయ్.

ఇంకొకటి ఇను, నవ్వొస్తది. బండి టాపు బీముకు కొట్టుకోకుండ ముందుకు జరిపి, బానెట్ బీము కిందికి వచ్చేటట్టు నిలబెట్టాలన్నడు అనిల్. మంచిగనే ఉన్నది అన్న. "అయితే లేపినంక మాత్రం బానెట్ తెరవద్దు యాదన్నా" అన్నడు. బానెట్ తెరవని మెకానిక్ అన్నా నేను. కండ్లు తెరవని డాక్టరు లెక్క. దించాలె, తెరవాలె, మూయాలె, లేపాలె. రోజంత బటన్ ఒత్తుకుంట కూసోవాలె.

సరే అన్న. గదే తెమ్మన్న. ఎనిమిది దినాలల్ల వస్తది. ఏం చెయ్యాలె, ఉన్న ఎత్తుల బతకాలె.

పెద్ద బండ్లా? పెద్ద బండ్లు తీసుకోను. నీ బండి ఉన్నది గద, గేటు కాడ, అంతెత్తు. అది ఆ లిఫ్టు ఎక్కితే మోకాలు మీదికి లేవదు, టాపు స్లాబుకు తాకుతది. మోకాలెత్తు కింద కూసునేదుంటదా? పండుడే. రాధమ్మకు మాటిచ్చిన, పండ. ఈ షెడ్డుకు బోర్డు రాపిస్తున్న, సిన్న కార్లు మాత్రమే అని. మహిత రాస్తనన్నది, దాని రాత మంచిగుంటది.

షోరూమోళ్లు మోసం చేస్తరు, తమ్ముని చెయ్యి పడితే నాకు నమ్మకం అన్నవ్ గద ఫోన్ల. ఆ మాట అన్నప్పుడు మా అన్న మంచిగనే ఉన్నడు అనిపిస్తది. నాకు అదే రోగం. నా రోగానికి స్టెంటు లేదు.

ఎడమదిక్కు ముంగట గుంతలల్ల కటకటమంటుందా? లింకు రాడ్డే అయ్యుంటది. మీది దిక్కుకెల్లి కనబడదు. వదినెను ఎక్కించుకొని తిరుగుతవ్, అట్లనే ఇడిసిపెడితే ఎట్ల.

తోలు లోపలికి. రాధమ్మ వచ్చేదాకింక టైమున్నది.

సెప్పకు దానికి. ఒక్క అట్ట దాసిన అన్నా. కంప్రెసర్ ఎనుక ఉన్నది, తియ్యి. అన్ని కాలవెట్టింది, అదొక్కటి నేనే దాసిన. ఎందుకో నాకే తెల్వదు. తెల్సులే. నువ్వొస్తవని తెల్సు.

ఇదే ఆఖరుది. బోర్డు నీకు గూడ.

జాకీ లేపిన, స్టెప్నీ దొబ్బు. ఇంకా లోపలికి, చాసిస్ కిందికి. తన్ని సూడు, కదులుతుందా? లేదు గద. నేను కిందికి పోతున్న, ఆ లైటు ఇప్పుకొని పట్టుకో. నిలబడి పట్టుకుంటే నాకు నీ నీడే పడుతది. వంగు. నడుము నొస్తదా? నొస్తది. ఇంకొంచెం వంగు, చక్రం కాడికి తల తే.

గంతే. ఇప్పుడు లోపలికి సూడు అన్నా.

బండ్లే గద అన్నవ్. కనబడుతున్ననా?