డ్రిల్లు మింగిన స్వెట్టర్

వెర్మాంటులో మంచు కురుస్తున్న మధ్యాహ్నం. గరాజులోని వర్క్‌షాపులో మొగుడు డ్రిల్లును పొట్టకు అంటించుకుని నిలబడ్డాడు. అతని కేకకు పెళ్లాం చేతుల పిండి దులుపుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

“ఏమైందయ్యా?”

“డ్రిల్లు స్వెట్టర్‌ని పట్టేసింది. ఉన్ని అంతా చుట్టుకుపోయి బిగుసుకుంది.”

“దెబ్బ తగిలిందా?”

“నాకేం కాలేదు. పాపం, దీని మీద నువ్వు అల్లిన దుప్పి బొమ్మకే మూతి పోయింది.”

“కదలకు. ముందు బ్యాటరీ తీయనీ.”

“తీశావుగా, ఇక ఆ కత్తెర అందుకో. మొత్తం కోసెయ్. గుండె రాయి చేసుకున్నాను.”

“అలాగా! ముప్పై ఏళ్లుగా ఈ గదిలోకి ఎవరొచ్చినా చొక్కా చేతులు పైకి మడవమంటావు. నన్ను మెడలో స్కార్ఫుతో గడప దాటనివ్వవు. ఇవాళ ఈ వేలాడే స్వెట్టర్‌తో డ్రిల్లు పట్టుకున్నావా?”

“చలేసింది.”

“హీటరు పక్కనే ఉందిగా?”

అతను హీటరును అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

“ఈ రాత్రి చర్చి విందుకి దీన్నే వేసుకోవాల్సింది. నాకు మాత్రం బాధ లేదా?”

“నీ బాధ నాకు తెలియదా? పోయినేడు విందులో అందరూ ఆ దుప్పిని గాడిద అన్నప్పుడే చూశాను నీ మొహం.”

ఆమె కత్తెర ముట్టుకోలేదు. డ్రిల్లు మూతిని చేత్తో వెనక్కి తిప్పుతూ పోతే, ఉన్ని పోగు పోగుగా విడివడి డ్రిల్లు ఊడొచ్చింది.

“చూశావా, ఎంత చిల్లో! దీన్నెలా వేసుకుంటాను?”

“సాయంత్రానికల్లా అల్లేస్తాగా. ఉన్ని ఇంకా రెండు ఉండలుంది. చిల్లు పూడ్చాక మిగిలినదాంతో నీకు టోపీ కూడా అవుతుంది.”