మూడో రౌండులో కాళ్లుండవు

ప్రొద్దుటూరులో పాత పత్తి గోడౌను, ఇప్పుడు బాక్సింగ్ షెడ్డు. పొద్దు గూకింది. కోచ్ పట్టాభిరామయ్య ఫోనులో జమ్మలమడుగు పోటీ మూడో రౌండు వీడియో పెట్టి ఫిర్దోస్‌ను ఎదురుగా కూర్చోబెట్టాడు. ఎల్లుండి పులివెందులలో ఆమె పోటీ భావనతో. రెండేళ్లుగా ఓటమి ఎరగని ఛాంపియన్ భావన.

"ఇంగోసారి సూడు. ఈడ. గుద్దినాక నీ ఎడమ చెయ్యి యాడుండాది?"

"కిందుండాది సార్."

"యాడుండాల?"

"గడ్డం కాడ."

"నడుం కాడుండాది, బిందె ఎత్తుకున్నట్ల. ఇట్ల దించినావంటే భావన ఒక్కటిస్తాది, నీ పండ్లు నేను ఏరుకోవాల."

"దించను సార్."

"కాళ్లు సూడు. మడమలు నేలకి అతుక్కపోయినాయి. తాళ్ల కాడికి తిన్నగా ఎనక్కి పోతాండావు. పక్కకి జరగమని ఎన్ని తూర్లు చెప్తి?"

"ఎల్లుండి జరుగుతా సార్."

"ఎల్లుండి సంగతి గాదు. జమ్మలమడుగులో ఎందుకు జరగల్యా?"

"అలుపొచ్చింది."

"అలుపా? ఇదిగో, అదే జమ్మలమడుగు, మొదటి రౌండు. చెయ్యి గడ్డం కాడే ఉండాది. కాళ్లు సూడు, పెనం మీద నీళ్లచుక్క మాదిరి ఎగురుతాండాయి. ఈ పిల్లా ఆ పిల్లా ఒకటేనా?"

"నేనే సార్."

"లోపమైతే మూడు రౌండ్లలోనూ ఉండాల పాపా. మూడోదాంట్లోనే వస్తాందంటే అది లోపం గాదు. ఇంకేందో ఉండాది. ఏందది?"

"ఏం లేదు సార్."

"నీళ్లు నమలొద్దు."

"నమల్లేదు సార్."

"సునీల్ ఫోన్ చేసినాడు."

"భావన కోచా?"

"పేరు చెప్తానే మొగం అట్ల అయిందేం?"

"ఏం కాలా. ఏమన్న్యాడు?"

"నవ్వుతా అంటాండు, 'రామయ్యన్నా, మీ పాపకి మూడో రౌండులో కాళ్లుండవంట గదా' అని. జమ్మలమడుగుకొచ్చి పోటీ అంతా ఫోనులో తీసుకపోయినాడు, సరే. 'ప్రాక్టీసులోనూ అంతేనంట గదా' అన్న్యాడు సూడు, ఆడ నాకు మండింది. ఈ షెడ్డులో జరిగేది పులివెందులకి ఎట్ల తెలిసింది?"

"ఎవురో చెప్పింటారు సార్."

"అడుగుతాంటే గోడకల్లా సూస్తావేంది?"

"నాకేం తెలుసు సార్."

"తెల్దు. సరే. రోజూ పొద్దు గూకే టయానికి ప్రాక్టీసు నిలబెట్టి గోడెనక్కి పోతాండావు. ఎందుకు?"

"మొగం కడుక్కునేదానికి."

"మొగం కడుక్కునేదానికి చాంద్ బాషా ఎందుకు?"

"వాచ్‌మన్ గదా సార్, ఆడే ఉంటాడు."

"ఉంటాడు. ఉండి, నీ చేతికి పొట్లం ఇస్తాండాడు. ఈ పొద్దు కండ్లారా సూసినా. వాని బామ్మర్ది పులివెందులలో ఆటో తోల్తాడు. సునీల్ పిల్లోళ్లు ఎక్కేది ఆ ఆటోనే. నేనేమన్నా ఎర్రోణ్ణా?"

"మామను ఏమనొద్దు సార్."

"పొట్లంలో ఏముండాది? మాత్రలా?"

"అల్లా తోడు, మాత్రలు గాదు."

"సునీల్ పంపించిండేదా?"

"నన్ను అంత మాటంటారా సార్?"

"నువ్వే అనిపిస్తాండావు. ఇంగ వినుకో. నిజం చెప్పకుంటే ఇప్పుడే పులివెందులకి ఫోన్ చేసి నీ పేరు తీసేయిస్తా. ఎల్లుండి నించి మీయమ్మ పక్కన కూచ్చోని గాజులకి రాళ్లు అతికించుకో."

"సార్, ఫోన్ పక్కన పెట్టండి."

"పోతాంది ఫోను."

"కట్ చేయండి సార్! ఖర్జూరాలు."

"ఏందీ?"

"పొట్లంలో ఖర్జూరాలు."

"రోజా ఉండావా, రంజాన్ ఉపాసం?"

"ఉండా."

"ఎన్ని దినాల్నించి?"

"నెలంతా."

"మొదటి దినమే అందరి ముందరా గొంతు చించుకొని చెప్తి గదమే! రోజా ఉండేవాళ్లని రింగు ఎక్కనియ్యనని! నీళ్లు లేకుండా దెబ్బలు తింటే పానం పోతాదని!"

"మీరట్ల చెప్తిరి. మా యమ్మేమో రోజా ఇడిస్తే బాక్సింగూ ఇడవాలనె. నేనేం చేయాల? ఇద్దరికీ సరే అంటి."

"మరి రౌండు రౌండుకీ నా చేత్తోనే నీళ్లు తాపిస్తి గదా!"

"పుక్కిలించి బకెట్లో ఉమ్మేస్తి సార్. బాక్సర్లంతా ఉమ్మేదే గదా. మీకు అనుమానం రాల్యా."

"ఒక్క చుక్క మింగల్యా?"

"మింగల్యా."

"జమ్మలమడుగులో, ఆ ఎండలో?"

"మింగల్యా సార్."

"నీయక్క... నువ్వు అమ్ముడుపోయినావనుకుంటి పాపా."

"తెలుసు సార్. వారం నించి మీ సూపే మారిపోయె."

"మీయమ్మ పీరాంబీ తోనే మాట్లాడాల్సింది నేను. తప్పు నాది. ఇప్పుడేం జేయాల? ఎల్లుండి ఆ భావన ముందర—"

"అమ్మీ! ఫిర్దోస్ అమ్మీ! నెలవంక కనపడిందంట! రేపే పండగ!"

"వింటిరా సార్? చాంద్ బాషా మామ అరుస్తాండు."

"వింటి. అంటే... రేపట్నించి రోజా లేదు."

"ఈ పొద్దు కనపడకున్నా రేపు కనపడాల్సిందే సార్. ఎట్లయినా ఎల్లుండికి నా కడుపులో కూడూ నీళ్లూ ఉంటాయి. మూడో రౌండులోనూ చెయ్యి గడ్డం కాడే ఉంటాది."

"ఉండు ఉండు. రంజాన్ నెలని సునీల్‌కి తెల్దా? నువ్వు రోజా ఉండావేమోనని వానికి డౌటు రాలా?"

"వచ్చిందంట. కానీ రామయ్య సార్ రోజా ఉండేవాళ్లని రింగు ఎక్కనియ్యడని జిల్లా అంతా తెలుసు గదా. మీ మాట మీద ఆయనకి శానా నమ్మకం."

"అయితే వాడు భావనకి... రెండు రౌండ్లు ఊరికే తిరుగు, మూడోదాంట్లో మీద పడు అని చెప్పింటాడు."

"అట్లే చెప్పినాడంట."

"వచ్చిందంట, చెప్పినాడంట... నీకెవురు చెప్పినారు మే ఇవన్నీ? షెడ్డులో మాట వాని కాడికి మోసిందెవుడు?"

"మోసింది చాంద్ బాషా మామే సార్. మోసకపొమ్మని చెప్పింది నేను."