‘ఖాళీ’ చీటీ చింపిన ఊచమ్మ గారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీ ఉదయం, సైనిక ప్రదర్శనశాల ఆయుధ విభాగంలో సహాయ సంరక్షకురాలిగా ఆమె చేరారు. చేరగానే అప్పగించింది అందరూ వద్దనుకున్న చివరి గది. పేరుమోసిన ఆయుధాలు ముందు హాలులో అద్దాల వెనుక విరాజిల్లుతుంటే, బాతు పాదంలా నాలుగు గొట్టాలు విచ్చుకున్న పిస్తోలు, గోడ చాటు నుంచి కాల్చడానికి గొట్టం వంచిన తుపాకీ, ఏ సైన్యమూ ఎక్కువకాలం మోయని ఇలాంటి వింత సంతానమంతా ఆ గదిలో దుమ్ముకొట్టుకొని ఉండేది. కాకిపిల్ల కాకికి ముద్దని సహోద్యోగులు నవ్వినా, ఆమె వాటినే అక్కున చేర్చుకున్నారు.

గదిలోకి వచ్చిన ప్రతి పాత తుపాకీలోనూ సన్నని చెక్క ఊచ దించి, దిగిన లోతును గుర్తించి, దాన్నే గొట్టం వెలుపల ఆనించి చూడటం విభాగపు ఆచారం. నిప్పంటించే రంధ్రం దాకా ఊచ చేరితే మందు లేనట్టు, ముందే ఆగితే ఉన్నట్టు. ఆపై ‘ఖాళీ’ అనే చీటీ కట్టి సంతకం చేయాలి. ఊచ లేకుండా ఆమె ఎవరికీ కనబడలేదు కనుక, వర్క్‌షాపు కమ్మరి గారు ‘ఊచమ్మ గారు’ అన్నారు. ఆ పేరే స్థిరపడింది.

ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాని రోజుల్లో ఒక పొడవాటి చెకుముకి తుపాకీ వచ్చింది. ఊచ సరిగ్గా రంధ్రం దాకా దిగింది. ఆమె చీటీ కట్టారు. పేల్చే యంత్రం తుప్పుతో బిగుసుకుపోవడంతో, కొలిమిలో వేడిచేసి వదులు చేయమని అధికారి గారు దాన్ని కమ్మరికి పంపారు. మధ్యాహ్నం అన్నం తింటుండగా ఆమెకు ఆ యంత్రం కింద కనిపించిన గాడి గుర్తొచ్చింది. ఒకేచోట ఉండాల్సిన యంత్రానికి జరిగే గాడి ఎందుకు? ఒకే గొట్టంలో ఒకదాని వెనుక ఒకటిగా మందూ గుండూ కూరి, ముందుది పేలాక యంత్రాన్ని వెనక్కి జరిపి తరువాతిది పేల్చే అరుదైన రకం అది. ముందుది ఎప్పుడో పేలిపోయింది; ఊచ ఆగింది గొట్టం అడుగున కాదు, రెండో గుండు మీద.

చేయి కడుక్కోకుండానే ఆమె పరుగెత్తారు. బొగ్గులు ఎర్రబడి ఉన్నాయి, తుపాకీ కమ్మరి చేతుల్లో ఉంది, అధికారి గారు పక్కనే తొందరపెడుతున్నారు. ఆమెను పర్మనెంటు చేసే ఫైలు ఆయన బల్లమీదే ఉందని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

“ఖాళీ అని మీరే సంతకం పెట్టారు కదమ్మా,” అన్నారాయన.

“పెట్టానండీ. అది తప్పు సంతకం. లోపల ఇంకా ఉంది,” అని ఆమె చీటీ చింపేశారు.

గొట్టంలో నీళ్ళు పోసి నానబెట్టి జాగ్రత్తగా తీస్తే ఇంకా పేలని రెండు గుండ్లు, ఒక్కోదాని వెనుక నల్లటి మందు బయటపడ్డాయి. ఫైలు మాత్రం ఏడాదిపాటు కదలలేదు. తప్పు దాచనందుకు శిక్ష అది, అన్యాయమే. ఆమె మాత్రం ఏనాడూ ఆ మాట అనలేదు.

అనంతర కాలంలో సంరక్షకురాలిగా, విభాగాధిపతిగా ఎదిగిన ఆమె, తన చీటీ సైతం మరొకరు పరీక్షించనిదే చెల్లదనే నియమాన్ని తెచ్చారు. నేడు సందర్శకులు ముందుగా అడిగేది ఆ చివరి గదినే. ఇంట్లో పంచదార డబ్బా ఖాళీ అని తాను చెప్తే నమ్మదనీ, మూత తీసి చెంచాతో అడుగు తడిమి చూస్తుందనీ ఆమె భర్తగారి చిరకాల ఫిర్యాదు.

కిందటి వారం, ఏనాడో విరమణ చేసిన కమ్మరి గారు తాను చెక్కిన కొత్త ఊచతో ఆ గదికి వచ్చారు. “ఈ చేతులు ఉండబట్టి చేయగలిగానమ్మా,” అని మాత్రం అన్నారు. ఆమె కళ్ళు తుడుచుకొని, అలవాటు కొద్దీ, దాన్ని పాత ఊచ పక్కన పెట్టి కొలత సరిచూశారు.

ఈరోజు పదవీ విరమణ చేస్తున్న ఊచమ్మ గారు ఆ కొత్త ఊచ అరిగి పొట్టిదయ్యేంత కాలం, కుటుంబ సమేతంగా, ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలనీ, మా చీటీలను అనుమానించడానికి అప్పుడప్పుడు వస్తుండాలనీ మనసారా కోరుకుంటున్నాం.