పెద్దాయన తిరిగిచ్చిన తాంబూలం

ఈ పదవీ విరమణ సభ నడిపిస్తున్న విశ్రాంత ప్రధానోపాధ్యాయులు బాలప్ప గారికి, వేదిక మీది పెద్దలకు, మూడు శాలువాలు ఒకదాని మీద ఒకటి కప్పించుకుని మదనపల్లె చలిగాలికి కూడా చెమట తుడుచుకుంటున్న మా తెలుగు సారు జయచంద్ర గారికి (నవ్వులు), ముందు వరసలో కూర్చున్న సారు శ్రీమతి కృష్ణవేణి అమ్మగారికి, పుంగనూరు నుంచి ఈ వయసులో బస్సెక్కి వచ్చిన పట్టు వ్యాపారి పాపయ్య గారికి, టమోటాలు కుప్పలుగా దిగే రోజులు అయినా మండీలు వదిలి వచ్చిన మిత్రులకు, వెనక గోడవార నాదస్వరాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముద్దుకృష్ణన్నకు, ఆయన డోలు బృందానికి నా నమస్కారాలు.

నన్ను ఐదు నిమిషాలే మాట్లాడమన్నారు. కార్యదర్శి ప్రదీప్ అన్న మెట్ల దగ్గర పట్టుకుని, "చరణ్, పొగిడి దిగిపోవల్ల. నీ కరపత్రాల గొడవ ఈడ వద్దు" అని కూడా చెప్పాడు. సారును పొగడడానికి ఐదు నిమిషాలు చాలవు. మిగిలిన మాట చెప్పడానికీ చాలవు. అందుకని అధ్యక్షుల వారు గంట కొట్టేదాకా మాట్లాడతాను.

సారు పాఠం గురించి ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లంతా చెప్పారు. నేను పాఠం బయటి సంగతి చెబుతాను. బస్టాండులో రూపాయికి అమ్మే చిన్న పుస్తకాలు, సభల్లో ఊరికే పంచే కరపత్రాలు, ఇవే నా చదువు. వాటిని నా చేతిలో చూసి లాక్కోని మాస్టరు మా బడిలో ఒక్క జయచంద్ర సారే. తిరగేసి చూసి, "దీంట్లో భాష బాగాలేదు గానీ కోపం బాగుంది" అని తిరిగిచ్చేవారు. నాలుగేళ్ల కిందట పి.ఆర్.సి. కోసం ఉపాధ్యాయులు తహసీల్దారు ఆఫీసు ముందు ధర్నాకు కూర్చున్నప్పుడు నినాదాలు రాసిపెట్టమని సారు నన్నే పిలిచారు. "మా శ్రమకు విలువ కట్టండి" అని రాశాను. సారు చూసి, "కట్టండి కాదురా, కట్టాలి" అని దిద్దారు. (చప్పట్లు)

ఇక సారు పుస్తకం సంగతి. నాదస్వర విద్వాంసులు నరసింహప్ప గారు, మనమంతా పెద్దాయన అని పిలుచుకున్న మనిషి, పందొమ్మిది వందల తొంభై ఆరులో పోయారు. ఆయన రేడియోలో వాయిస్తుంటే కాఫీ హోటలు ముందు జనం నిలబడిపోవడం చిన్నప్పుడు నేనే చూశాను. ఆయన వెంట సారు పాతికేళ్లు తిరిగారు, రెండేళ్ల కిందట ఆ జ్ఞాపకాలు పుస్తకంగా వేశారు. ఈ ఊళ్లో అది చదవని ఇల్లు లేదు. నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి సారు మీద గౌరవంతో, రెండోసారి అనుమానంతో.

ఈ అనుమానం సారు ఒక్కరి మీద కాదు. పేరున్న పాటగాడో వాద్యగాడో కన్నుమూస్తే చాలు, పత్రికల్లో జ్ఞాపకాలు మొదలవుతాయి. పెద్దాయన ఆఖరి రోజున ఆయన మంచం పక్కనే ఉన్నామని రాసినవాళ్లందరినీ పిలిస్తే ఈ కల్యాణ మండపం చాలదు, వంటశాలలో కూడా కుర్చీలు వేయాలి. (నవ్వులు) వాళ్లందరితోనూ ఆయన ఆఖరి మాట చెప్పారు. ఒక్కొక్కరితో ఒక్కొక్క ఆఖరి మాట! బతికున్నప్పుడు ఆయన మితభాషి అని కూడా వాళ్లే రాశారు. పోయినాయన లేచి వచ్చి కాదనడు. ఆ ధైర్యమే వీళ్ల చేత రాయిస్తుంది.

సారు పుస్తకంలో కుప్పం పెళ్లి ఉంది, గుర్తుందా? మండు వేసవిలో పెద్దాయన రాగం ఎత్తుకోగానే పందిరి మీద చినుకులు పడ్డాయని రాశారు. నేను కుప్పం పోయాను. ఆ పెళ్లి జరిగిన ఇంట్లో రెడ్డెమ్మ గారని, పెళ్లికూతురి పెద్దక్క, ఇప్పుడు ముసలావిడ. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వాన సంగతి అడిగాను.

"వానా? యాడిదప్పా వాన? ఆ పొద్దు చేతులు కడిగేదానికి నీళ్లు లేక ట్యాంకరు తెప్పించినాము. ఎవురు సెప్పినారు నీకు?"

"పుస్తకంలో ఉందమ్మా."

"పుస్తకంలో తడిసినారేమో, మేమైతే తడవలేదు. మా నాయన కాళ్లు పడిపోయి మంచంలో ఉండాడు, పందిట్లోకి రాలేకపోయినాడు. ఆ సంగతి తెలిసి ఆయప్ప తాళి కట్టడం అయినాక లోపలికి వచ్చి, మంచం కాడ కింద కూసోని, మెల్లగా ఒక పాట వాయించి పోయినాడు. మా నాయన సచ్చేదాకా ఆ మాటే సెప్పుకున్నాడు. అది రాసినారా?"

"లేదమ్మా."

"మరి వాన యాల రాసినారు?"

ఆ జవాబు సారు దగ్గర ఉందేమో, ఈ రోజు అడగను. వానతో ఎవరికీ నష్టం లేదు. చదివినవాళ్లు ఆ పుట చల్లగా చదువుకుంటారు. నష్టం ఇంకో పుటలో ఉంది.

ఆ పుట చాలామందికి నోటికొచ్చు. పుంగనూరులో ఒక పట్టు వ్యాపారి ఇంటికి పెళ్లి మేళం మాట్లాడుకోవడానికి పెద్దాయన వెళ్లారు, తోడుగా సారు వెళ్లారు. యజమాని ఆకులు, వక్కలు, పైన డబ్బు పెట్టి పళ్లెం అందించారు. పెద్దాయన ఆ పళ్లేన్ని కళ్లకద్దుకుని, మారుమాట లేకుండా వెనక్కి జరిపారు. "ధనం ముందు నాదం తల వంచదని ఆ రోజు కళ్లారా చూశాను, ఆయన జన్మలో సంభావన ముట్టలేదు" అని సారు రాశారు. మొదటిసారి చదివినప్పుడు నాకూ ఒళ్లు పులకరించింది. అబద్ధం చెప్పను.

నేను ముద్దుకృష్ణన్న పక్కింట్లో ఉంటాను. ఆయన పెద్దాయన కొడుకు. ఇదీ నేను విన్నది, గోడకు ఇవతలి నుంచి. కిందటి మాఘమాసంలో కలకడ నుంచి ఒకాయన పెళ్లికి మేళం మాట్లాడడానికి వచ్చాడు. అన్న తన రేటు చెప్పాడు.

"ఏమప్పా ముద్దుకృష్ణా, మీ నాయన దుడ్లు ముట్టేవాడు కాదంట కదా. అచ్చు వేసిన పుస్తకంలో ఉండాది. నువ్వు సూస్తే ఇంత అడగతాండావు!"

"మా నాయన ముట్టకపోతే నేనెట్ల పెరిగినాను అన్నా? గాలి తిని పెరిగినానా?"

"అంతటి మనిషి కడుపున పుట్టి, నీకు ఆశ ఎక్కువప్పా."

లేచిపోయాడు. బెంగళూరు బ్యాండు సెట్టును పిలిపించుకున్నాడట. వాళ్లను ఏ పుస్తకం చూపించి బేరం చేశాడో తెలియదు. (నవ్వులు) నవ్వకండి. ఆ తర్వాత వచ్చినవాళ్లదీ అదే మాట, ఆ పై వాళ్లదీ అదే మాట. సగం రేటుకు వాయించి వచ్చిన పెళ్లిళ్లు ఉన్నాయి. ఇప్పుడు ఆషాఢం, మేళానికి పని ఉండదు. శ్రావణం ముహూర్తాల్లో కూడా ఇదే తంతు అయితే బ్యాండు సెట్టులో చేరిపోతామని డోలు వాళ్లు తేల్చి చెప్పారు. డోలు లేని నాదస్వరం పెళ్లికి పనికిరాదు. అంటే పెద్దాయన మేళం ఈ శ్రావణంతో ఉంటుందో పోతుందో తేలిపోతుంది.

(వెనక నుంచి ముద్దుకృష్ణ: "చరణూ, సాల్లే, దిగప్పా!")

దిగుతానన్నా, ఇంకొంచెం. కోపం వచ్చి సారు ఇంటికి పోదామనుకున్నాను. మళ్లీ, ముందు పుంగనూరు పోయి చూద్దాం అనిపించింది. ఆ పట్టు వ్యాపారి ఇప్పుడు లేరు. ఆయన కొడుకే ఈ పాపయ్య గారు. ఆ రోజు పళ్లెం తెచ్చి తండ్రికి అందించింది ఈయనే. అయ్యా, నాతో చెప్పిన మాట ఒక్కసారి సభకు చెప్తారా?

(పాపయ్య గారు కూర్చున్న చోటు నుంచే: "తిరగ్గొట్టినాడు, నిజమే. మా నాయన తక్కువ పెట్టినాడు గదా!" సభలో పెద్దగా నవ్వులు. "లోపలికి పోయి ఇంకా తెచ్చి పెట్టినాక తీసుకున్నాడు. మీ సారును అప్పుడే మా యమ్మ ఉప్మా తినేదానికి పిలిచింది. ఆయన సూడలేదు.")

సూడలేదు. అదీ జరిగింది. మేళగాళ్ల ఇళ్లలో అడగండి, చిన్నపిల్లలు కూడా చెబుతారు. పళ్లెం అందుకుంటే ఒప్పుకున్నట్టు, వెనక్కి జరిపితే చాలదన్నట్టు. చాలదని నోటితో అనడం మర్యాద కాదు కనుక చేత్తో అంటారు. కళ్లకద్దుకునేది లక్ష్మిని తోసేసినట్టు ఉండకూడదని. పెద్దాయన ఆ రోజు బేరం చేశారు. మర్యాదగా, గట్టిగా, తన విలువ తెలిసిన మనిషిలా చేశారు. మన సారు మొదటి పళ్లెం చూసి, రెండో పళ్లెం వచ్చే వేళకు ఉప్మా దగ్గర ఉన్నారు.

(వేదిక మీద జయచంద్ర గారు మైకు అందుకుని: "చరణ్, నేను కళ్లతో చూసిందే రాశాను. లేనిది కల్పించలేదు.")

సార్, పళ్లెం సంగతిలో మీరు కల్పించారని నేను అనడం లేదు. చూసిందే రాశారు, ఒప్పుకుంటున్నాను. అయితే చూసింది ఒక పూట, రాసింది ఒక జన్మ. ఒకసారి వెనక్కి జరిపారు అని రాసి ఊరుకుంటే పాపయ్య గారి ఇంటితో పోయేది. జన్మలో ముట్టలేదు అన్నారు చూడండి, ఆ మాట కలకడ దాకా పోయింది.

ఇంకొకటి అడుగుతాను, కోపగించుకోకండి. ఇక్కడ మండీ యజమానులు ఉన్నారు. రేపు మీలో ఒకరు పోతే, ఆయన కమీషన్ తీసుకోకుండానే టమోటాలు వేలం వేశాడు అని ఎవరైనా రాస్తారా? రాస్తే మీరే నవ్వుతారు. డాక్టరు గురించి రాయం, వకీలు గురించి రాయం. మేళగాడి గురించి మాత్రం రాస్తాం, చదివి కళ్లు తుడుచుకుంటాం. ఎందుకంటే ఆయన కూలి అడగడం మనకు ఎప్పుడూ ఇష్టం లేదు. బతికున్నప్పుడు బేరం చేశాం, పోయాక త్యాగమూర్తిని చేశాం. రెండింటిలోనూ మిగిలింది మనకే.

(అధ్యక్షులు గంట మోగించారు.)

విన్నానండి. ఈ సభ ఆహ్వానపత్రం చూడండి. "ముద్దుకృష్ణ బృందం వారి నాదస్వర సేవ" అని వేశారు. సేవ అని అచ్చు వేస్తే మేళం వాళ్లకు అర్థమైపోతుంది, భోజనం పెడతారు, అంతే అని. షామియానా వాళ్లది సేవ కాదు, మైకు సెట్టు వాళ్లది సేవ కాదు, వంటవాళ్లది సేవ కాదు. ప్రదీప్ అన్నా, తప్పు నీది కాదు. నువ్వూ పుస్తకం చదివావు.

(ప్రదీప్: "ఇస్తామప్పా, ఇవ్వము అని ఎవురన్నారు? కార్యక్రమం కానీ.")

సంతోషం. సభ విన్నది.

సార్, మీతోనే ఒక్క మాట.

(జయచంద్ర గారు: "రెండో ముద్రణలో ఆ పుట తీసేస్తానురా.")

తీయొద్దు సార్. తీసేస్తే, ఎవరో కుర్రాడు సభలో గోల చేస్తే సారు భయపడి తీసేశారు, పెద్దాయన డబ్బు ముట్టకపోవడం మాత్రం నిజమే అంటారు. ఆ పుట ఉంచండి. వెనక్కి జరిపారు అన్న వాక్యం అట్లే ఉంచండి. దాని కింద, సరిపడా పెట్టాక తీసుకున్నారు అని ఒక్క వాక్యం కలపండి. మీ చేతి రాత కాబట్టి జనం నమ్ముతారు. నేను కరపత్రం వేస్తే వేరుసెనగలు పొట్లం కట్టుకుంటారు. రెండో ముద్రణ ఎప్పుడో తెలియదు, శ్రావణం మాత్రం వచ్చే నెలే. అందుకని ఆ వాక్యం ఈ రోజు మీ నోటితో, ఈ మైకులో చెప్పమని అడుగుతున్నాను.

(కృష్ణవేణి గారు ముందు వరస నుంచి, "సెప్పండి, ఏమైతుంది?" అన్నారు. జయచంద్ర గారు లేచి, శాలువాలు తీసి కుర్చీ మీద పెట్టి: "నరసింహప్ప సంభావన తీసుకునేవాడు. తక్కువైతే ఊరుకునేవాడు కాదు. నాకు తెలుసు. తెలిసి కూడా, అట్ల రాస్తే పెద్దాయన చిన్నబోతాడు అనుకున్నాను." కూర్చున్నారు.)

చిన్నబోలేదు సార్. ఆయన సంగతి మాకు ఇప్పుడు ఇంకొంచెం తెలిసింది.

అధ్యక్షులు రెండోసారి గంట మీద చెయ్యి వేశారు, ముగిస్తున్నాను. ఈ పొద్దుతో మీ ఉద్యోగం అయిపోయింది. మీ పింఛను కాగితాలు ఏ బల్ల మీదా ఆగకుండా కదలాలని, ఒక్క రూపాయి కూడా తగ్గకుండా నెలనెలా మీకు అందాలని కోరుకుంటున్నాను. ఆగితే చెప్పండి, నినాదాలు నేను రాస్తాను, మీరు దిద్దండి. మీరు నూరేళ్లు ఉండాలి. ఆ తర్వాత ఎప్పుడో మీ గురించి రాయాల్సిన రోజు వస్తే, మా తెలుగు సారు బాగా చెప్పేవారు, జీతం తీసుకునేవారు అని రెండూ రాస్తాము.

ఓపికగా విన్న పెద్దలకు, ఓపిక లేకపోయినా విన్న అధ్యక్షుల వారికి కృతజ్ఞతలు. సెలవు.