తన్మయికి వచ్చిన గెయిన్

మచిలీపట్నం ఇంజనీరింగ్ కాలేజీలో ప్రాక్టికల్ పరీక్ష జరుగుతోంది. వేరే కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చినాయన తన బల్ల దగ్గర ఆగేసరికి తన్మయి రీడింగుల కాగితం ముందుకు జరిపింది.

"డిఫరెన్షియల్ యాంప్లిఫయర్ గెయిన్ ఎంతమ్మా?"

"లెక్క ప్రకారం సిగ్నల్ రెండొందల రెట్లు పెరగాలి సార్. కొలిస్తే వంద రెట్లే వస్తోందండి."

"మిగతావాళ్ళందరూ రెండొందలే రాశారుగా?"

"నాకు రానిది ఎలా రాయను సార్?"

"అవుట్‌పుట్ ఎక్కడ కొలిచావు?"

"రెండు ట్రాన్సిస్టర్లలో ఈ ఒక్కదాని కలెక్టర్ పిన్ను దగ్గరండి."

"నువ్వు వేసిన లెక్క రెండు కలెక్టర్ల మధ్య వోల్టేజీకి. ఒక్కదాని దగ్గరే కొలిస్తే అందులో సగమే వస్తుంది."

"అయితే నా రీడింగ్ కరెక్టేనాండీ?"

"కరెక్టే. మరి రెండొందలు రాసిన వీళ్ళందరూ కూడా నీలాగే ఒక్క కలెక్టర్ దగ్గరే కొలిచారా?"

తన్మయి పక్క బల్లల వైపు చూడలేదు.

"నా సర్క్యూట్ గురించి అడగండి సార్, చెప్తాను."

ఆయన ఆమె ముఖంలోకి ఓసారి చూసి, పక్క బల్ల దగ్గరికి నడిచాడు.