కుటుంబరావుగారి హీటరు వంతు

"అమ్మమ్మా, ఇట్స్ ఫ్రీజింగ్! పై గదుల్లో హీటింగ్ రేడియేటర్లన్నీ ఎందుకు ఆపేశావు?"

అన్నీ ఎక్కడ ఆపేశానే, ఈ గదిలోది ఉందిగా. ఇట్రా, నా పక్కన కూర్చో. ఆ శాలువా కప్పుకో. మీ అమ్మకి మాత్రం ఫోన్ చేసి చెప్పకు. బిల్లు కట్టలేక వణికిపోతున్నాననుకుని మిల్టన్ కీన్స్ నుంచి కారేసుకుని వచ్చేస్తుంది. బిల్లు కోసం కాదు. ఇవాళ హీటరు వంతు నాది.

వంతంటే ఏమిటంటావా? రోటా. హాస్పిటల్లో మీ తాతయ్యకి డ్యూటీ రోటా ఉన్నట్టే మాకు ఇంట్లో హీటరు రోటా ఉండేది.

మేం లండన్ దగ్గర ఈ వాట్‌ఫర్డ్‌కి వచ్చిన కొత్తలో మాట. అరవై ఆరో, ఏడో... మీ మామయ్య ఇంకా పుట్టలేదు, అది మాత్రం గుర్తు. అప్పుడు ఈ ఇల్లెక్కడిది? హాస్పిటల్ వెనక వీధిలో ఓ పాత మూడంతస్తుల ఇల్లు, అంతస్తుకో ఫ్లాట్. కింద మేం. మధ్యలో వసుంధర, వాళ్ళాయన డాక్టర్ రెడ్డి, హైదరాబాద్ వాళ్ళు. పైన, కప్పు కిందే, కుటుంబరావుగారూ ఆయన భార్య రాజ్యమూ. వాళ్ళు మన తెనాలి వైపే. మగాళ్ళు ముగ్గురూ ఒకే హాస్పిటల్లో జూనియర్ డాక్టర్లు. డాక్టర్లంటే ఇప్పటివాళ్ళలా ఊహించుకోకు. వచ్చిన జీతం పరీక్ష ఫీజులకి కొంత, ఇండియాకి కొంత పోగా, మిగిలింది చలి.

గదికో గ్యాస్ హీటరు, మూలన దానికో మీటరు. అందులో షిల్లింగు బిళ్ళ వేసి మర తిప్పితే గ్యాస్ వస్తుంది. అది అయిపోగానే టప్పుమని మంట ఆరిపోతుంది. వంట పొయ్యి కూడా దాని మీదే. కూర సగం ఉడికాక ఆరిందంటే ఇక వీధిలో పడి షిల్లింగు చిల్లర అడుక్కోవడమే. బస్ కండక్టర్లు మా చీరలు కనబడితే మొహం అటు తిప్పుకునేవాళ్ళు, పాపం.

మరి మూడిళ్ళలో మూడు మంటలెందుకు? రోజుకి ఒక్కింట్లోనే వెలిగిద్దాం, అందరం అక్కడే కూర్చుందాం అన్నాను. ఆ ఆలోచన నాదే. వసుంధర తనదంటుంది, అననీ. ఎవరి వంతైతే వాళ్ళు ఏదో ఒకటి వేడివేడిగా చేసి పెట్టాలి. అదొక్కటే మా విలాసం. మిగతాదంతా పొదుపే. కోట్లు జంబుల్ సేల్లో, అంటే పాతబట్టల సంతలో, కొన్నవి, కర్టెన్లు పాత చీరలు. నూనె మాడి మొహం మొత్తేదాకా మళ్ళీ మళ్ళీ వాడేవాళ్ళం. వసుంధర బంగాళాదుంప బజ్జీలు వేసేది. ఎంత పల్చగా తరిగేదంటే, ముక్క ఎత్తి పట్టుకుంటే అవతల వాళ్ళాయన కనబడేవాడు. నా కాఫీ సంగతి నేను చెప్పుకోకూడదు.

ఇక కుటుంబరావుగారు. మంచివాడేనే, పేరు పెట్టడానికి లేదు. ఖర్చు పెట్టడానికి మాత్రం చెయ్యి వచ్చేది కాదు. స్నానం హాస్పిటల్లో, గడ్డం హాస్పిటల్లో, పేపరు హాస్పిటల్లో. ఇంట్లో ఎప్పుడూ ఓవర్‌కోటే. పడుకున్నప్పుడు విప్పేవాడో లేదో రాజ్యాన్ని అడిగితే, అటు తిరిగి నవ్వేది. ఆయన వంతు వచ్చిన రోజునే డ్యూటీ మార్చుకునేవాడు. డ్యూటీ దొరక్కపోతే, "మా హీటరు పాడైందండీ, ఇంటి ఓనరావిడకి చెప్పాం" అనేవాడు. ఆ పాడైన హీటరు చలికాలం సగం గడిచినా బాగుపడలేదు.

రాజ్యం మాత్రం రోజూ కిందకి దిగి వచ్చేది. చిన్నపిల్ల. అప్పుడు కడుపుతో కూడా ఉంది. దాని దగ్గర ఓ జామ్ సీసా ఉండేది. బస్సెక్కకుండా నడిచి మిగిలిన డబ్బులతో షిల్లింగులు పోగేసేది అందులో. ఎందుకంటావా? లండన్‌లో ఎప్పుడో నెలలకోసారి, ఆదివారం పొద్దున, హాలు అద్దెకి తీసుకుని మనవాళ్ళు తెలుగు సినిమా వేసేవాళ్ళు. అది ఒక్కసారి చూడాలని దాని కోరిక. "వదినా, ఒక్కసారి ఆ తెరమీద ఎవరైనా తెలుగులో పోట్లాడుకుంటుంటే వినాలనుంది" అనేది. నేనూ వసుంధరా పోట్లాడుకుంటున్నాం కదే రోజూ అంటే, మీరు పాటలు పాడరుగా అనేది.

ఏమైందంటే... ఒకరోజు వసుంధర ఇంట్లో కూర్చున్నాం. బజ్జీల పళ్ళెం తిప్పుతూ వసుంధర ఉన్నట్టుండి అనేసింది. "అందరి వంతులొస్తున్నయ్, పోతున్నయ్. పైవాళ్ళ వంతే కనబడ్తలేదు. మాకేమన్నా గ్యాస్ ఊకెనే వస్తుందా?" రాజ్యం చేతిలో బజ్జీ అలాగే పళ్ళెంలో పెట్టేసింది. మర్నాటి నుంచి దిగడం మానేసింది.

రెండ్రోజులు చూశా. ఆ పై ఫ్లాట్ సంగతి నీకు తెలియదు. కిటికీ అద్దాలకి లోపలి వైపే మంచు పట్టేది. కడుపుతో ఉన్న పిల్ల అక్కడ దుప్పటి కప్పుకుని ఒక్కతే కూర్చుందనుకుంటే నాకు కాఫీ దిగలేదు. పిలిచినా రాదు. వంతు లేనిదే రానని దాని పౌరుషం. అందుకని, రాకపోతే మనమే పోదాం అన్నాను. మీ తాతయ్య, "ఎందుకే వాళ్ళని ఇబ్బంది పెట్టడం?" అన్నారు. "ఇబ్బంది కాదండీ, వంతు. ఇవాళ కుటుంబరావుగారిది" అన్నా. వసుంధరని కూడా లేపాను, వెంట రెడ్డిగారూ లేచారు. ఆ మాట అన్న నోరు వసుంధరదే కదా, మెట్లెక్కాల్సిన కాళ్ళు కూడా దానివే.

తలుపు తీసింది కుటుంబరావుగారే. ఓవర్‌కోటు, మఫ్లరు, చేతిలో పుస్తకం. మాట్లాడితే నోట్లోంచి పొగ. "రండి రండి... అయితే మా హీటరు పాడైందండీ" అన్నాడు.

రెడ్డిగారు సర్జరీ మనిషి కదా, మోకాళ్ళ మీద కూర్చుని హీటర్ని అటూ ఇటూ తట్టి చూశారు. మీటరు మర తిప్పి చూశారు. లేచి చేతులు దులుపుకుని, "దీనికి రోగమేం లేదు రావుసాబ్. ఆకలయితుంది" అన్నారు.

ఎవ్వరూ నవ్వలేదు. నాకు వచ్చింది గానీ రాజ్యం మొహం చూసి మింగేశాను. తలొంచుకుని లోపలికి వెళ్ళింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నా. జామ్ సీసా పట్టుకుని వచ్చింది. మీటరు ముందు కూర్చుని ఓ బిళ్ళ వేసి మర తిప్పింది. ఇంకోటి వేసింది. ఇంకోటి.

వసుంధర పరిగెత్తుకెళ్ళి దాని చెయ్యి పట్టుకుంది. "రాజ్యం, అయి నీ సినిమా పైసలు గదా! నా నోరు మంచిది గాదు, ఊకో."

"ఉండనీ అక్కా. సినిమాకెళ్ళినా నలుగురి మధ్యా కూర్చోవడానికేగా. ఇక్కడే కూర్చోండి, పకోడీలు వేస్తాను" అంది.

అగ్గిపుల్ల గీస్తే ఎర్రగా వెలిగింది హీటరు. ఎవరి హీటరైనా మంట అదే అనుకో, కానీ ఆవేళ... సరే, అది వదిలెయ్. పకోడీల్లో ఉప్పు కాస్త ఎక్కువైంది. అందరం తిన్నాం. అందరికంటే ఎక్కువ తిన్నది కుటుంబరావుగారే. ఆ వేడికి చెమట పట్టి ఓవర్‌కోటు విప్పాడు. అప్పుడే మొదటిసారి చూశాం, ఆయన లోపల ఎంత సన్నగా ఉంటాడో. అప్పటిదాకా ఆ లావంతా ఆయనదే అనుకున్నాం.

ఆ తర్వాత సినిమా వేసిన ఆదివారం పొద్దున్నే కుటుంబరావుగారు కిందకి దిగి, మీ తాతయ్యని లండన్ రైలెప్పుడని అడిగాడు. అందరం కలిసే వెళ్ళాం. హాలు దగ్గర ఆయన కొన్నది ఒక్క టికెట్. అది రాజ్యం చేతిలో పెట్టి, "నువ్వు చూసిరా, నేనిక్కడుంటా. నాకు సినిమాలు పడవు" అన్నాడు. సినిమాలు పడకపోవడమేమిటి, తెనాలిలో ఒకే సినిమాకి వారం రోజులు వరసగా వెళ్ళాడట. రాజ్యమే చెప్పింది.

ఇంటర్వెల్లో బయటికొస్తే, లాబీలో హీటరు పక్కన కుర్చీ వేసుకుని, ఎవరో వదిలేసిన పేపరు చదువుకుంటున్నాడు. ఊరికే వస్తున్న వేడి కదా, రెండు చేతులూ చాపి కాచుకుంటున్నాడు. రాజ్యాన్ని చూడగానే లేచి, కోటు జేబులోంచి చిన్న ఐస్‌క్రీమ్ కప్పు తీశాడు, దాంతో ఓ చెక్క చెంచా. అంత చలిలో ఐస్‌క్రీమ్! సగం తను తిని సగం ఆయనకిచ్చింది రాజ్యం. ఇద్దరూ పళ్ళు కొట్టుకుంటూ తిన్నారు. చెంచా మాత్రం పారెయ్యనివ్వలేదు. ఇంటికి తెచ్చి కడిగి ఉప్పు డబ్బాలో వేశాడు. మారిపోయాడనుకున్నావా? అబ్బే.

అయితే ఆయన వంతు మాత్రం మళ్ళీ తప్పలేదు. బిళ్ళ ఆయనే వేసేవాడు, మొహం అటు తిప్పుకుని. చంటిపిల్లకి ఇంజెక్షన్ చేస్తున్నప్పుడు తండ్రులు తిప్పుకుంటారే, అలా.

తర్వాతేముంది, డెబ్బైల్లో తలో ఇల్లూ కొనుక్కున్నాం. సెంట్రల్ హీటింగ్ వచ్చింది. ప్రతి గదీ వెచ్చన. ఎవరింట్లో వాళ్ళు, ఎవరి గదిలో వాళ్ళు. వసుంధర ఇప్పటికీ నెలకోసారి ఫోన్ చేసి, రోటా ఆలోచన తనదని గుర్తు చేస్తుంది.

కుటుంబరావుగారు పోయి ఏడాది కావస్తోంది. మొన్న రాజ్యం ఇల్ఫర్డ్ నుంచి ఫోన్ చేసింది. "ఇల్లంతా వెచ్చగానే ఉంది వదినా, ఏ గదిలో కూర్చోవాలో తెలియట్లేదు" అంది. ఈ శనివారం వంతు నాది, రా అన్నాను.

అదీ సంగతి. అన్ని గదులూ వేడిగా ఉంటే ఇద్దరం ఒక్కచోట ఎందుకు కూర్చుంటామే?

లే, ఉల్లిపాయలు తరుగు. పల్చగా కాదమ్మా, మనిషి కనబడనంత మందంగా. నూనె కొత్తదే పొయ్యి, ఇవాళ పరవాలేదు. నీకూ చల్లటి రోజున పక్కకి జరిగి చోటిచ్చేవాళ్ళు దొరకాలి, తల్లీ... అదుగో, కారు చప్పుడు. నువ్వెళ్ళి తలుపు తియ్యి. రాజ్యం ఆయన ఓవర్‌కోటు వేసుకుని వస్తుంది, దానికి మడమల దాకా ఉంటుంది. నవ్వకు. లోపలికి రాగానే నువ్వే విప్పించి, ఇక్కడ హీటరు పక్కన తగిలించు.